దారానికి అటు కొస

ఆ కోటలో ఏటా ఒక్కసారి పరుగుపందెం జరిగేది. కోట నగారా మోగగానే ఏటి రేవు దగ్గర కుర్రకారు పరుగు మొదలుపెట్టాలి. అందరికన్నా ముందు కోట వాకిట్లోకి వచ్చి గంట కొట్టినవాళ్ళకు దండ. అంతే పందెం. ఆడపిల్లలా మగపిల్లలా అన్న తేడా లేదు, కాళ్ళుంటే చాలు.

నగారా మోగినప్పుడే వాకిట్లో ఇంకో పని జరిగేది. కుండ కాసే ముసలావిడ పైకుండ అడుగున చిల్లికి పెట్టిన మైనం తీసేది. నీళ్ళు చుక్క చుక్కగా కింద ఉన్న నిలువెత్తు సన్నటి జాడీలో పడేవి. గంట మోగగానే మళ్ళీ మైనం పెట్టేది. జాడీలో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో వెదురుపుల్ల ముంచి చూసి, నేల నుంచి అంత ఎత్తున వాకిలి గోడకు ఒక మేకు కొట్టేవారు. మరుసటి ఏటి మేకు దాని పక్కనే, జానెడు ఎడంగా. తాతల నాటి నుంచి అదే ఆనవాయితీ. మేకు కిందికి దిగితే ఆ ఏడు కాళ్ళు చురుకైనవని, పైకి పోతే ఆ ఏడు వానలో జ్వరాలో తగిలాయని గోడ చూసి చెప్పుకునేవారు.

మేకులు కొట్టేది కోట మేస్త్రి. భార్య పోయింది, ఒక్కతే కూతురు. పనిలో అతనికి వంక పెట్టేవాడు చుట్టుపక్కల లేడు. మనిషి కూడా మంచివాడే. కాకపోతే ఎవరైనా కాస్త మెచ్చుకుంటే చాలు, ఉబ్బి తబ్బిబ్బై అడగని పని కూడా చేసి పెట్టేవాడు. ఆ ఒక్క గుణమే అతని కొంప ముంచింది.

కొత్తగా గద్దెనెక్కిన రాజుకు ఒక మధ్యాహ్నం ఏమీ తోచలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ గోడ ముందు నిలబడ్డాడు. మేస్త్రి అప్పుడే ఆ ఏటి మేకు కొట్టి సుత్తి సంచిలో పెట్టుకుంటున్నాడు.

"మేస్త్రీ, ఈ మేకులన్నీ దిగుతూ వస్తున్నట్టు లేవూ?" అన్నాడు రాజు.

"అవును దొరా. పిల్లలు ఏటికేడు చురుకవుతున్నారు."

"తిన్నగా దిగుతున్నాయా, తోచినట్టు దిగుతున్నాయా?"

అంతటి రాజు తనను అడిగాడు కదా. మేస్త్రి సంచిలోంచి దారపుండ తీశాడు. నూలు కొట్టడం మేస్త్రులకు రోజూ ఉండే పనే. దారానికి జాజు ఎర్రమట్టి పట్టించి, ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు బిగించి పట్టుకుంటారు. అటువైపు పట్టు కుదిరాక అక్కడి మనిషి దారాన్ని ఒక్కసారి మెల్లగా లాగుతాడు, సిద్ధం అని. అప్పుడు ఇవతలి మనిషి దారాన్ని వేలితో ఎత్తి వదిలితే గోడ మీద ఎర్రటి గీత పడుతుంది. దానికి ఒక్కటే నియమం, రెండు కొసలా మనిషి ఉండాలి. మనిషి లేని కొస నుంచి గీత రాదని పనిలో చేరిన తొలిరోజే చెబుతారు.

కుండ కాసే ముసలావిడను పిలిచి, తాతల నాటి మొదటి మేకు దగ్గర ఒక కొస పట్టించాడు. రెండో కొస తాను ఈ ఏటి మేకు దగ్గర పట్టుకున్నాడు. నూలు కొట్టాడు. మేకులన్నీ ఆ గీతకు కాస్త పైనో కాస్త కిందో బుద్ధిగా సర్దుకున్నట్టు కనిపించాయి. రాజు చప్పట్లు కొట్టాడు.

"ఎంత ముచ్చటగా ఉంది మేస్త్రీ. ఇంకాస్త పొడిగించు."

"అటువైపు మేకులు లేవు దొరా."

"గీత ఉంది కదా?"

ముసలావిడ తన కొస వదిలేసి నడుము నిమురుకుంటూ అంది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారట. ఇంకా పుట్టని పరుగుకు మేకెక్కడ కొడతావు నాయనా?"

ఆమె కుండ దగ్గరికి వెళ్ళిపోతుంటే రాజు నవ్వాడు. మేస్త్రి కూడా ఆ నవ్వులో కలిసి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. కానీ అతని చెవుల్లో ఇంకా చప్పట్లు మోగుతున్నాయి. ఈ ఏటి మేకు దగ్గర దారాన్ని బొటనవేలితో అదిమిపెట్టి, మిగిలిన ఉండను ఖాళీ గోడ వైపు విసిరాడు. అది ఎక్కడ పడితే అక్కడ రాయి పెట్టి బిగిద్దాంలే అనుకున్నాడు.

ఉండ కింద పడలేదు.

దారం బిగిసింది. గీత ఎంత వాలుగా దిగుతూ వచ్చిందో అంతే వాలుగా, ఖాళీ గోడ పొడవునా నేల దాకా, సన్నగా బిగుసుకుని నిలిచింది. అటు కొసన ఎవరూ లేరు. ఎండ ఉంది, గోడ ఉంది, గోడ మొదట్లో గడ్డి ఉంది. మేస్త్రి కళ్ళు నులుముకునేలోపు అటునుంచి దారాన్ని ఎవరో ఒక్కసారి మెల్లగా లాగారు.

అతను దారం వదిలేయబోయాడు. అయినా చేతికి అలవాటైన పని, ఆ పిలుపు అందగానే వేలు దానంతటదే దారాన్ని ఎత్తి వదిలింది. గీత పడింది. నేలను తాకేచోట చుక్క పెట్టినట్టు ఆగింది.

గీతనే తప్ప దారం కొసను చూడని రాజు తన చేతి కడియం తీసి మేస్త్రికి తొడిగాడు. "అంటే, గీత నేలను తాకే ఏడు మన పిల్లలు ఒక్క చుక్కయినా పడకముందే వచ్చేస్తారన్నమాట. నా ఏలుబడిలోనే" అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

దారం సంగతి మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మరు. నమ్మితే కడియం వెనక్కి ఇచ్చుకోవాలి. ఏదో గాలికి బిగిసిందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మనసుకు నచ్చజెప్పడంలో మనిషిని మించినవాడు లేడు.

మరుసటి ఏడు పందెంలో చాకలివారి కుర్రాడు గెలిచాడు. వెదురుపుల్ల తడి కొలిచి గోడకు ఆనిస్తే సరిగ్గా గీత మీద పడింది. పిసరంత పైకి లేదు, పిసరంత కిందికి లేదు. ఊరు ఊరంతా ఈల వేసింది. దండ వేస్తుంటే దగ్గరికి వెళ్ళి చూసిన మేస్త్రికి ఒక్కటే కనిపించింది. ఏటి రేవు నుంచి ఎండలో పరుగెత్తుకొచ్చిన ఆ కుర్రాడికి చెమట పట్టలేదు.

ఆపై ఏడు గెలిచినవాడు వాకిలి ముందు పరిచిన తడి ఇసుక మీదుగానే వచ్చాడు. ఇసుక మీద అడుగులు పడలేదు. మేకు మాత్రం గీత మీద పడింది.

ఆపై ఏడు గెలిచిన పిల్లను రాజు ముద్దుగా అడిగాడు. "దారిలో ఏమేం చూశావమ్మా?"

"దారా?" అందా పిల్ల. "నగారా మోగింది. ఇక్కడున్నాను. మధ్యలో దారెక్కడుంది?"

జనం అది గొప్ప మాట అనుకున్నారు. ఆ పిల్లను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. ఎత్తుకున్నవాళ్ళు బరువే తెలియలేదని సంబరంగా చెప్పుకున్నారు.

గెలిచినవాళ్ళు ఎవరూ చనిపోలేదు, మాయమైపోనూ లేదు. ఊళ్ళోనే ఉన్నారు. కానీ పిలిస్తే కాస్త ఆలస్యంగా పలికేవారు, ఆ పైన పలకడం మానేశారు. చాకలివారి కుర్రాడి తల్లి ఒక పొద్దుట పొయ్యి దగ్గర నుంచి తలెత్తి కొడుకును చూసి, "ఎవరు కావాలి నాయనా?" అని అడిగింది. అతను ఏమీ అనకుండా వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఆ తల్లికి సాయంత్రం దాకా ఏదో మరిచిపోయానన్న దిగులు తప్ప ఇంకేమీ తెలియలేదు.

మేస్త్రి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఏటా సుత్తి పట్టుకుని గీత మీద మేకు కొడుతూనే ఉన్నాడు. అతనికి భయం ఉంది, కానీ అది పక్కింటి భయం. తన ఇంటి గడప ఇంకా తొక్కలేదు.

ఈలోగా కూతురు ఏపుగా ఎదిగింది. ఆ పిల్లకు గెలుపుకన్నా దారి ఇష్టం. రేవు నుంచి కోటకు వచ్చే దారిలో ఏ మలుపున ఏ రేగుచెట్టు ఉందో, ఏ గట్టు మీద తీతువు పిట్ట గుడ్లు పెట్టిందో, ఎవరి కుక్క మొరుగుతుందో, ఎవరి కుక్క ఊరికే వెంటపడుతుందో, అన్నీ నోటికి వచ్చు. సాయంత్రం పరుగెత్తి వచ్చి, కాళ్ళకు ముళ్ళూ ఒళ్ళో రేగుపళ్ళూ వేసుకుని, నాన్న పక్కన కూలబడి, చెప్పిందే మళ్ళీ చెప్పేది. మేస్త్రికి రోజులో అదొక్కటే వేళ. ఆ వేళ కోసమే మిగతా రోజు గడిపేవాడంటే అబద్ధం కాదు.

గీత నేలను తాకే ఏడు వచ్చింది. ఊరు దానికి చుక్క పడని ఏడు అని పేరు పెట్టుకుంది. ఇళ్ళకు సున్నాలు వేశారు, వాకిలికి తోరణాలు కట్టారు. ఈ ఏడు గెలిచేది ఎవరని అడగాల్సిన పని లేకపోయింది. రేవు దగ్గర రోజూ అందరికన్నా ముందుండేది మేస్త్రి కూతురేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు. దారిలో కనిపించినవాళ్ళంతా "అదృష్టవంతుడివయ్యా" అని మేస్త్రి భుజం తట్టారు. మెచ్చుకుంటే ఉబ్బే మనిషి ఈసారి తల దించుకుని పోయాడు.

ఒక మిట్టమధ్యాహ్నం, కోటంతా భోజనాల దగ్గరున్న వేళ, మేస్త్రి సున్నపు తట్టతో గోడ దగ్గరికి వెళ్ళాడు. గీత మీద సున్నం పూశాడు. సున్నం ఆరుతున్న కొద్దీ గీత లోపలి నుంచి ఇంకా ఎర్రగా పైకి వచ్చింది. తాపీతో గోడను గీకాడు. పూత రాలింది, గీత అలాగే ఉంది. ఇటుకలో ఒక మూల పగలగొట్టి చూశాడు. ఇటుక లోపల కూడా ఎర్రగా, అదే వాలుగా ఉంది.

చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. నేల మీద పెట్టిన అతని సంచిలోంచి దారం దానంతటది బయటికి వచ్చి, గోడ వెంబడి బిగుసుకుని ఉంది. మేస్త్రి ఇవతలి కొస పట్టుకున్నాడు.

"ఎవరది?" అన్నాడు.

అటునుంచి ఒక్కసారి మెల్లగా లాగారు.

"నా పిల్లతో నీకేం పని?"

మళ్ళీ అంతే, ఒక్కసారి, మెల్లగా. అందులో కోపం లేదు, ఆశ కూడా లేదు. కూలికి పిలిస్తే వచ్చి చెప్పినచోట నిలబడ్డ మనిషి ఎంత ఓపిగ్గా లాగుతాడో అంత ఓపిగ్గా లాగింది. పిలిచింది తనే అని మేస్త్రికి అప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. దారం చుట్టి సంచిలో పెట్టుకుని తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళాడు.

"దొరా, ఈ ఏడు పందెం ఆపించండి" అన్నాడు.

రాజు చెడ్డవాడు కాదు. ఓపిగ్గానే విన్నాడు. "గీత ఇంతవరకు ఒక్క ఏడైనా తప్పిందా మేస్త్రీ?"

"లేదు దొరా. నా భయమదే."

"గీత నీది, కూతురు నీది. ఇంతకన్నా పొత్తు ఎవరికి కుదురుతుంది? వెళ్ళి పిల్లకు కాస్త నెయ్యేసి అన్నం పెట్టు."

మేస్త్రి ఇంటికి వెళ్ళి నెయ్యేసి అన్నం పెట్టాడు. కూతురు తింటుంటే ఎదురుగా కూర్చుని, ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పని సంగతి చెప్పేశాడు. దారం బిగియడం, అటునుంచి లాగడం, చెమట పట్టని కుర్రాడు, అడుగులు పడని ఇసుక, అన్నీ చెప్పాడు. కూతురు ముద్ద నోటి దగ్గరే ఆపేసింది.

"అయితే నన్ను వెనకబడి పొమ్మంటావు. అంతేనా నాన్నా?"

"అంతే తల్లీ. కాలు బెణికిందను. కడుపులో నొప్పి అను. నీకు నేను దండం పెడతాను."

"నేను వెనకబడితే ముందు ఇంకెవరో వస్తారు కదా?"

"వస్తే రానీ" అన్నాడు మేస్త్రి. అన్నాక సిగ్గుపడ్డాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. కన్నవాడు కదా.

కూతురు ముద్దను తిరిగి కంచంలో పెట్టింది. "వాళ్ళకు మేకు కొట్టేది నువ్వే. అప్పుడు నీకు చెయ్యి ఆడుతుందా?" అని మెల్లగా అడిగింది. అతను నీళ్ళ చెంబు ఆమె వైపు జరిపాడు. ఆమె చెయ్యి కడుక్కుంటూ మళ్ళీ అంది. "ఎవరూ ముందు రాకపోతేనో? అందరం కలిసి నడుచుకుంటూ వస్తేనో?"

"నిన్ను నడవనివ్వదమ్మా. లాగుతుంది."

"అందరం చేతులు పట్టుకుంటాంలే. ఎంతమందిని లాగుతుంది?"

ఆమె పైట దోపుకుని రేవు దగ్గర ఆడుకుంటున్న తన ఈడువాళ్ళ కోసం వెళ్ళింది. ఈ పిల్లకు భయం లేదా అనుకున్నాడు మేస్త్రి. కడిగిన కంచం ఆమె బోర్లించిన చోటే ఇంకా వణుకుతూ కనిపించింది. ఉందన్నమాట అనుకున్నాడు.

పందెం నాడు వాకిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. నగారా మోగింది. ముసలావిడ మైనం తీసింది. పైకుండ చిల్లి దగ్గర మొదటి చుక్క ఊరి, లావై, వేలాడుతోంది. అది ఇంకా రాలలేదు. వాకిట్లో గంట మోగింది.

అందరూ గంట వైపు తిరిగారు. అక్కడ ఎవరూ లేరు. ఎవరో ఇప్పుడే కొట్టి చెయ్యి తీసినట్టు గంట నాలుక ఊగుతోంది. అయినా ఒక్కరూ కంగారు పడలేదు. "వచ్చింది, వచ్చింది" అని ముందువరసలో అన్నారు, వెనకవరసలవాళ్ళు అందుకున్నారు. రాజు దండ తీసుకుని గంట దగ్గరికి నడిచాడు. మెడ ఉండాల్సిన ఎత్తున దండ వేసి చేతులు వదిలాడు. దండ నేల మీద పడింది.

"మైనం పెట్టు" అన్నాడు రాజు, ముసలావిడతో.

"ఎవరొచ్చారని పెట్టను బాబూ?"

"గంట మోగింది కదా?"

"గంట మోగితే సరా? మనిషి కనబడాలి. మా అత్త నాకు అప్పజెప్పినప్పుడు అదే చెప్పింది. మనిషి కనబడందే చిల్లి మూయను."

మొదటి చుక్క రాలింది. జాడీ అడుగున టప్పుమని చప్పుడైంది. గోడ పక్కన నిలబడ్డ మేస్త్రికి ఆ చప్పుడు విని ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే గంట దగ్గర ఊగుతున్న నాలుకను చూసి మళ్ళీ గుండె జారింది. వచ్చిందెవరు? వచ్చింది తన కూతురే అయితే, ఆ తల్లి పొయ్యి దగ్గర అడిగినట్టు తానూ ఎవరు కావాలని అడుగుతాడా? ఆ పిల్ల ముఖం ఒకసారి మనసులోకి తెచ్చుకుని చూసుకున్నాడు. ముక్కు మీద చిన్నప్పటి గాటు కూడా గుర్తుంది. గట్టిగా పట్టుకున్నాడు, ఆ గాటును.

ఎండ నడినెత్తికి వచ్చింది. జాడీ సగం నిండింది. జనం కాళ్ళు మార్చి కాళ్ళు మార్చి నిలబడ్డారు. ఎండ వాలింది. జాడీ నిండి పొర్లింది. ముసలావిడ ఇంకో జాడీ తెప్పించింది, అదీ నిండాక ఇంకోటి. రాజు దండను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సంధ్య వేళ దారి మలుపున దుమ్ము లేచింది. పిల్లలు వస్తున్నారు. దారి పొడవునా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, అడ్డంగా ఒకే వరసలో, పశువులు ఇంటికొచ్చే నడకతో వస్తున్నారు. మధ్యలో మేస్త్రి కూతురు ఉంది. ఆమె కాళ్ళు అప్పుడప్పుడు నేల వదిలి ముందుకు లేస్తున్నాయి. లేచినప్పుడల్లా పక్కవాళ్ళు వెనక్కి వాలి, మడమలు తన్నిపెట్టి, ఆమెను కిందికి దింపుతున్నారు. అందరి మణికట్లూ కమిలి ఉన్నాయి. అందరి ఒంటి మీదా చెమట ఉంది.

వాకిట్లోకి వచ్చి అందరూ ఒకేసారి గంట మీద చేతులు వేశారు. ముసలావిడ మైనం పెట్టింది.

"ఆకలేస్తోంది నాన్నా" అంది కూతురు.

మేస్త్రి జనంలోనే నిలబడి, మూతికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

రాజు లేచాడు. అతని ముఖంలో కోపం కోసం అందరూ వెతికారు. లేదు. జాడీలన్నీ ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత ఎత్తు వస్తుందో అంత ఎత్తున మేకు కొట్టమన్నాడు. నిచ్చెన వేశారు. మేస్త్రి ఎక్కి, గోడ కొన దగ్గర, తాతల మేకులన్నిటికన్నా పైన మేకు కొట్టాడు. రాజు కొంచెం వెనక్కి జరిగి, నేల దగ్గరున్న పోయిన ఏటి మేకునూ గోడ కొనన ఉన్న ఈ ఏటి మేకునూ మార్చి మార్చి చూశాడు. అతని కళ్ళు వెలిగాయి.

"ఇప్పుడు పైకి తిరిగింది. నూలు కొట్టు మేస్త్రీ. ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఇక్కడి నుంచి ఇంకా ముందుకు."

"ముందుకంటే గోడ లేదు దొరా. ఆకాశమే."

"పైఏడు పిల్లలు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియొద్దా? ఆపైన ఇంకా ఆలస్యమవుతుంది. ఇలాగే పోతే ఒక ఏడు బయలుదేరినవాళ్ళు అసలు రారు. అది ఏ ఏడో ముందే తెలిస్తే సిద్ధంగా ఉంటాం కదా."

జనం తలలూపారు. ఎదురుచూసేవాళ్ళ కోసం వాకిలి పెద్దది చేయాలని మంత్రి అన్నాడు. తల్లులు తమ పిల్లల వైపు ఒకసారి చూసి, నిట్టూర్చి, ఎంతైనా గీత తప్పదు కదా అన్నట్టు మళ్ళీ గోడ వైపు తిరిగారు.

మేస్త్రి సంచిలో చెయ్యి పెట్టాడు. అతను ఉండను విసరనక్కర్లేకపోయింది. కిందికొస దానంతటది వెళ్ళి, పోయిన ఏటి మేకును చుట్టుకుంది. పైకొస అతని వేళ్ళ మధ్య నుంచి జారి, మేకును దాటి, గోడను దాటి, సంధ్య ఆకాశంలోకి ఏటవాలుగా లేచి బిగుసుకుంది. ఈసారి అందరూ చూశారు. అటునుంచి దారాన్ని ఒక్కసారి మెల్లగా లాగారు.

మేస్త్రి వేలు దారం కిందికి వెళ్ళింది. అక్కడ ఆగింది. నిచ్చెన మీద నుంచి కిందికి చూశాడు. కూతురు, ఆమె పక్కన కమిలిన మణికట్లతో మిగతా పిల్లలు.

"దొరా, అటు కొస ఎవరు పట్టుకున్నారు?" అని గట్టిగా అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ మాట పదిమందిలో అడగడం అదే మొదలు.

రాజుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఎవరైతే నీకేం? బిగువుగా ఉంది కదా."

మేస్త్రి సంచిలోంచి చిన్న కత్తి తీసి, మేకు పక్కన దారాన్ని తెంపేశాడు. తెగిన కొస ఎర్రటి దుమ్ము రాల్చుకుంటూ ఆకాశంలోకి జారిపోయింది. చాలాసేపు పోతూనే ఉంది. మిగిలిన ముక్క గోడ వెంబడి చచ్చుగా వేలాడింది.

ఇక జనం భయపడతారని, పిల్లలను దగ్గరికి తీసుకుని ఇళ్ళకు పోతారని మేస్త్రి అనుకున్నాడు. నిచ్చెన దిగుతుంటే ముందువరసలో ఒకాయన మెల్లగా అడిగాడు. "మనిషి లేకుండానే పట్టుకుంది కదా? నేను విసిరినా పట్టుకుంటుందంటావా?"

"పట్టుకుంటుందేమో" అన్నాడు పక్కాయన. "నా రేపటి సంగతి కూడా నాకు తెలియాలి కదా."

అంతే. జనం దారాల కోసం ఇళ్ళకు పరుగెత్తారు. బావుల చేదతాళ్ళు ఊడదీశారు, మగ్గాల మీది పడుగులు తెంపుకొచ్చారు, పశువుల పలుపులు విప్పేశారు. ఎవరికి దొరికిన తాడు వాళ్ళు తెచ్చి, ఒక కొస పిడికిట్లో బిగించి, రెండో కొస గాల్లోకి విసిరారు. ఏ తాడూ కింద పడలేదు. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి అడ్డంగా, ఎవరిది వాళ్ళకు బిగుసుకుంది. ఊరంతా వాకిట్లో తలలెత్తి, కళ్ళార్పకుండా, తన తాడు పట్టుకుని నిలబడింది. రాజు కూడా దండలోని పూలు దూసి, దారం తీసుకుని విసిరాడు.

మేస్త్రి కూతురి చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టాడు. ఆమెతో నడిచొచ్చిన పిల్లలు వెనకే వచ్చారు. వీధుల్లో ఇంకెవరూ లేరు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక ఇంటి ముందు ఒకావిడ ఎదురై, చేతిలో ఉయ్యాల తాళ్ళతో, వాళ్ళను చూడకుండానే కోట వైపు వెళ్ళిపోయింది. ఆ ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

కూతురు లోపలికి వెళ్ళింది. బిడ్డ నేల మీద, గుడ్డ మీద పడి ఉంది. ఎత్తుకుని, నీళ్ళు తాగించి, భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఏడుపు ఆగింది. ఆగగానే పక్కింటి ఏడుపు వినబడింది. దాని అవతలి ఇంట్లో ఇంకోటి. వీధి చివర ఇంకోటి. ఇంతసేపూ ఊరంతా ఏడుస్తూనే ఉంది, ఒకదానిలో ఒకటి కలిసిపోయి గాలి చప్పుడనుకున్నారు.

"నువ్విక్కడే పొయ్యి వెలిగించు నాన్నా" అంది కూతురు, బిడ్డను అతని చేతుల్లో పెట్టి. "గంజి కాయి. ఎక్కువే కాయి."

ఆమె మిగతా పిల్లలను కేకేసింది. అలసిన కాళ్ళతోనే, ఆకలి కడుపుతోనే, ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి, ఈ వీధి నుంచి ఆ వీధికి పరుగెత్తడం మొదలుపెట్టింది. మేస్త్రి గడపలో బిడ్డను ఎత్తుకుని నిలబడి చూశాడు. అంత వేగంగా ఆమె అంతకుముందెప్పుడూ పరుగెత్తలేదు. ఆ పరుగును ఎవరూ కొలవలేదు.